పాతపట్నం షెడ్డుకి పర్లాకిమిడి బిల్లు

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తాను. ఏడాదికి పని మొత్తం 14 లక్షల దాకా ఉంటుంది. అందులో సగం ఆంధ్రా వైపే: పాతపట్నం, టెక్కలి. జీఎస్టీ నంబరు లేదు. ఇంతవరకూ ఎస్టిమేట్ చీటీ మీదే లెక్క రాసి ఇస్తున్నాను. ఇప్పుడు పాతపట్నంలో ఒక ప్రైవేటు స్కూలుకి 3 లక్షల 20 వేలకి షెడ్డు ఒప్పుకున్నాను. వాళ్లు జీఎస్టీ బిల్లు కావాలంటున్నారు. తెలిసిన వ్యాపారి ఒకాయన మూడు శాతం ఇస్తే తన బిల్లు రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? వేరే రాష్ట్రంలో పని కాబట్టి నంబరు తీసుకోక తప్పదని కొందరంటున్నారు, నిజమేనా? నేనే బిల్లు బుక్కు కొట్టిస్తే అందులో ఏమేం ఉండాలి, ఏ భాషలో ఉండాలి?

సమాధానం:

ముందు ఆ మూడు శాతం బిల్లు సంగతి. దయచేసి దాని జోలికి వెళ్లకండి. పని చేసేది మీరు, బిల్లు మీద పేరు ఆయనది. చేయని పనికి బిల్లు ఇవ్వడం జీఎస్టీ చట్టంలో నేరం. జరిమానా 10,000 రూపాయలు, లేదా ఆ బిల్లు మీద పన్ను ఎంతైతే అంత, ఏది ఎక్కువైతే అది. 3,20,000కి 18 శాతం అంటే 57,600. అలాంటి బిల్లు రాయించి లాభపడిన మనిషినీ చట్టం వదలదు. చట్టం మాట పక్కన పెట్టినా మీకే నష్టం. బిల్లు ఆయనది కాబట్టి స్కూలు చెక్కు ఆయన పేరున వస్తుంది, టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్లు ముందే పట్టుకునే ఇన్‌కమ్ టాక్స్) ఆయన పాన్ మీద జమవుతుంది. రేపు ఆయన డబ్బు ఇవ్వడానికి తిప్పించుకుంటే, ఆ షెడ్డు మీరు వేశారని చెప్పడానికి మీ దగ్గర ఒక్క కాగితం ఉండదు.

అసలు స్కూలుకి జీఎస్టీ బిల్లు ఎందుకు కావాలో అడిగారా? పాఠాలు చెప్పి తీసుకునే ఫీజు మీద స్కూళ్లకి జీఎస్టీ లేదు. కట్టే పన్నే లేనప్పుడు, మీ బిల్లులో ఉన్న పన్నుని వాళ్లు ఎక్కడా వెనక్కి పట్టుకోలేరు. మీరు 57,600 కలిపి బిల్లిస్తే అది పూర్తిగా వాళ్ల నెత్తిన పడే ఖర్చు. చాలాసార్లు ఆఫీసులో వాళ్లు 'జీఎస్టీ బిల్లు' అనేది 'సరైన బిల్లు' అనే అర్థంలో. వాళ్ల ఆడిటరుకి కావలసింది ఎవరికి, ఏ పనికి, ఎంత, ఎలా చెల్లించారో చెప్పే కాగితం. మీ పేరు, అడ్రసు, పాన్ నంబరు ఉన్న మామూలు బిల్లు, డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లిన ఆధారం, ఈ రెండూ ఉంటే ఆ అవసరం తీరుతుంది. "నేను జీఎస్టీలో రిజిస్టరు కాలేదు, నా టర్నోవరు హద్దు లోపలే ఉంది, పన్ను లేని బిల్లు ఇస్తాను, మీకు 57 వేలు మిగులుతుంది" అని నేరుగా చెప్పండి. అవసరమైతే మొదటి మాటని తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి.

ఇక అసలు చిక్కు ముడి. వేరే రాష్ట్రంలో పని అనగానే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నమాట సగమే నిజం. సరుకు అమ్మితే ఒక రూలు, పని చేసిపెడితే ఇంకో రూలు.

సరుకుని రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవరుతో సంబంధం లేదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. అదే సేవ అయితే, వేరే రాష్ట్రంలో చేసినా ఏడాదికి 20 లక్షల లోపు ఉన్నవాళ్లకి 2017 అక్టోబరు 13 నోటిఫికేషన్‌తో మినహాయింపు ఇచ్చారు. మీ షెడ్డు ఏ కోవలోకి వస్తుంది? గోతులు తీసి, కాంక్రీటు పోసి, బోల్టుల మీద స్తంభాలు నిలబెట్టి, పైన రేకులు బిగిస్తారు. భూమికి అతుక్కున్న కట్టడాన్ని మెటీరియల్ మీరే పెట్టి కట్టి ఇవ్వడాన్ని చట్టం వర్క్స్ కాంట్రాక్టు అంటుంది, దాన్ని సేవగానే లెక్కిస్తుంది. కాబట్టి ఏడాది మొత్తం 20 లక్షలు దాటనంత వరకూ పాతపట్నం షెడ్డు కోసం మీరు నంబరు తీసుకోనక్కర్లేదు.

కానీ అదే షాపులో తయారుచేసిన గేటుని ఆటోలో పాతపట్నం పంపించి, బిగించకుండా దించేసి డబ్బు తీసుకుంటే? అది సరుకు అమ్మకం. ఆ గేటు ఖరీదు 12 వేలే అయినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కోవలోకి వచ్చేస్తారు. మీలాంటి షాపులు తెలియక ఇరుక్కునేది ఇక్కడే. ఆంధ్రా పార్టీకి గేటు, గ్రిల్, షట్టరు ఏది ఒప్పుకున్నా గోడకి బిగించి ఇచ్చే పనిగానే ఒప్పుకోండి. బిల్లులో కూడా 'తయారుచేసి, సైటులో బిగించినందుకు' అని రాయండి. నిజంగా బిగించాకే అలా రాయాలి, రాతకోసం రాయకూడదు.

పార్టీ తానే మీ షాపుకి వచ్చి, డబ్బిచ్చి, తన బండిలో వేసుకుపోతే? దీనికి 2023 అక్టోబరు 1 నుంచి స్పష్టమైన రూలు ఉంది. కొన్నవాడికి జీఎస్టీ నంబరు లేనప్పుడు, బిల్లులో అతని అడ్రసు ఉంటే అమ్మకం ఆ రాష్ట్రంలో జరిగినట్టు, అడ్రసు లేకపోతే అమ్మినవాడి రాష్ట్రంలోనే జరిగినట్టు లెక్క. అడ్రసు కాకుండా రాష్ట్రం పేరొక్కటి రాసినా రాసినట్టే. అంటే కౌంటరు మీద అమ్మిన చిన్న సరుకుకి పేరు రాసి ఊరుకుంటే అది ఒడిశా అమ్మకం. మీరే బండి కట్టించి పాతపట్నంలో దించి, బిల్లులో మాత్రం అడ్రసు ఎగ్గొడితే చెల్లదు. బండి కిరాయి చీటీ, ఫోన్ పే లెక్క ఏ ఊరు వెళ్లిందో చెప్పేస్తాయి.

40 లక్షల హద్దు గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది ఒడిశాలో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి, సొంత రాష్ట్రంలోనే అమ్మేవాళ్లకి. మీరు పని కూడా చేస్తారు కాబట్టి మీ హద్దు 20 లక్షలే. ఈ 20 లక్షల్లో పర్లాకిమిడి పని, ఆంధ్రా పని, కౌంటరు అమ్మకం, తుక్కు అమ్మిన డబ్బు అన్నీ కలుస్తాయి. అదీ మీ పాన్ మీద దేశమంతా కలిపి. ఏప్రిల్ నుంచి నెల నెలా కూడుకుంటూ రండి. 16, 17 లక్షలు దాటాక ఒప్పుకునే ప్రతి పనీ చూసుకుని ఒప్పుకోవాలి. దాటిన రోజు నుంచి 30 రోజుల్లోగా అప్లై చేయాలి. అలా చేస్తే రిజిస్ట్రేషన్ దాటిన తేదీ నుంచే వర్తిస్తుంది, ఆ మధ్యలో ఇచ్చిన బిల్లులకి సర్టిఫికెట్ వచ్చిన నెల రోజుల్లోపు సవరించిన ఇన్వాయిస్‌లు ఇవ్వవచ్చు. ఆలస్యమైతే ఆ పన్ను పార్టీ దగ్గర అడగలేరు, చేతి నుంచి కట్టాలి.

ఈ కూడికలో ఎస్టిమేట్ చీటీల మీద చేసిన పని కూడా ఉంటుందని మరిచిపోకండి. చీటీ మీద ఏ పేరు ఉన్నా అమ్మకం అమ్మకమే. 2025లో కర్ణాటకలో చిన్న షాపులకి వాళ్ల యూపీఐ జమలు చూసే నోటీసులు ఇచ్చారు. షాపు డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడు పెట్టుకోండి. బావమరిది పంపిన అప్పు, చీటీ పాట డబ్బు ఆ ఖాతాలో పడకూడదు. పడితే అది అమ్మకం కాదని నిరూపించుకునే భారం మీది.

ఒక జాగ్రత్త. పాతపట్నంలో వారం, పది రోజులు పని చేసి వచ్చేయడం వేరు. అక్కడే గది అద్దెకి తీసుకుని, మిషన్లు పెట్టి, ఇద్దరు కుర్రాళ్లని నెలల తరబడి కూర్చోబెడితే అది ఆంధ్రాలో మీ వ్యాపార స్థలం అవుతుంది. అప్పుడు లెక్క మారుతుంది. అలాంటి ఆలోచన ఉంటే ముందే కన్సల్టెంటుతో మాట్లాడండి.

ఇప్పుడు బిల్లు బుక్కు. ప్రెస్సు వాళ్ల దగ్గర తయారు నమూనా ఉంటుంది. పైన 'టాక్స్ ఇన్వాయిస్', కింద సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) గడులు. అది మీకు పనికిరాదు. రిజిస్టరు కానివాళ్లు బిల్లులో పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వేయకూడదు. ఖాళీ గడి ఉంచినా ఎవరైనా తరవాత అంకె నింపుకునే వీలిచ్చినట్టే. పైన 'బిల్లు' అని మాత్రం వేయించండి. కింద ఒక వరస: 'జీఎస్టీలో రిజిస్టరు కాలేదు, పన్ను వసూలు చేయలేదు'. రిజిస్టరు కానివాళ్లకి చట్టం ప్రత్యేకంగా నమూనా ఏదీ పెట్టలేదు. అయినా రిజిస్టరయినవాళ్ల పద్ధతిలోనే నంబర్లు వేసుకుంటే రేపు మారేటప్పుడు కష్టపడరు. ప్రతి ఏప్రిల్ 1న 1 నుంచి మొదలు, మధ్యలో ఒక్క నంబరూ తప్పకూడదు. పాడైన బిల్లుని చింపి పారేయకండి. అడ్డంగా గీత కొట్టి 'రద్దు' అని రాసి, రెండు కాపీలూ బుక్కులోనే ఉంచండి. నంబరు ఎగిరిపోతే చూసేవాడికి వచ్చే మొదటి అనుమానం ఒక అమ్మకం దాచారనే.

మీ స్కూలు బిల్లు ఇలా ఉండాలి. పైన షాపు పేరు, దాని కింద పాన్ కార్డులో ఉన్నట్టే మీ పేరు, పర్లాకిమిడి అడ్రసు, ఫోను, పాన్. బిల్లు నంబరు, తేదీ. పార్టీ దగ్గర స్కూలు పేరు కాకుండా, చెక్కు ఎవరి పేరున ఇస్తారో ఆ సొసైటీ లేదా ట్రస్టు పూర్తి పేరు. ఈ రెండూ వేరుగా ఉండి బిల్లులు వెనక్కి రావడం తరచూ జరుగుతుంది, కాబట్టి ముందే అడిగి రాసుకోండి. తరవాత పని: 'పాతపట్నం స్కూలు ఆవరణలో 40 అడుగులు × 25 అడుగుల ఇనుప షెడ్డు, మెటీరియల్‌తో సహా తయారుచేసి, నిలబెట్టి, రేకులు బిగించినందుకు. 1,000 చదరపు అడుగులు × 320 = 3,20,000'. స్తంభాల ట్యూబు సైజు, మందం, రేకు మందం, పెయింటు ఎన్ని కోట్లు అన్నది కూడా అక్కడే ఒక వరసలో రాయండి. ఆరు నెలల తరవాత 'మందం తక్కువ వేశావు' అన్న మాట వస్తే ఆ వరసే మీకు సాక్షి. చివర మొత్తం అంకెల్లో, అక్షరాల్లో. కింద 'అందిన అడ్వాన్సు', 'మిగిలింది' అని రెండు గడులు. మీ బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ. సంతకం.

బిల్లు, రశీదు ఒకటి కాదు. బిల్లు అంటే మీకు రావలసింది, రశీదు అంటే మీకు అందింది. రశీదు బుక్కు వేరుగా ఉండాలి, దాని నంబర్లు వేరు. 5,000 రూపాయలు దాటిన ప్రతి రశీదు మీదా రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా చేయాలి. రశీదు స్టాంపు సుంకం కేంద్రం నిర్ణయించేది, అందుకని ఒడిశా, ఆంధ్రా రెండు వైపులా ఒకటే.

టీడీఎస్ దగ్గర చాలామంది రశీదు తప్పు రాస్తారు. సొసైటీ, ట్రస్టు, కంపెనీ లాంటివాళ్లు కాంట్రాక్టు పనికి ఒక్కసారి 30,000 మించి గానీ, ఏడాదిలో లక్ష మించి గానీ ఇస్తే ఇన్‌కమ్ టాక్స్ పట్టుకోవాలి. వ్యక్తికి ఒక శాతం. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మీ పని మీద ఒక శాతం 3,200, ఇరవై శాతం 64,000. అందుకే పాన్ బిల్లు మీదే వేయించమన్నది. స్కూలు లక్ష అడ్వాన్సు ఇచ్చిందనుకుందాం. మీ ఖాతాలో 99,000 పడుతుంది. రశీదు 99,000కి రాస్తే చివర్లో వెయ్యి తేడా వచ్చి ఇద్దరూ గొడవ పడతారు. రశీదు లక్షకే రాయాలి: 'బ్యాంకు ద్వారా 99,000, టీడీఎస్ 1,000, మొత్తం 1,00,000, పాతపట్నం షెడ్డు పని అడ్వాన్సు'. టర్నోవరు లెక్కలోనూ లక్షే. పట్టుకున్న వెయ్యి పోయినట్టు కాదు. మీ పాన్ మీద ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో కనిపిస్తుంది, రిటర్ను వేస్తే పన్నులో తగ్గుతుంది, పన్నే లేకపోతే వెనక్కి వస్తుంది. మూడు నెలలకోసారి పోర్టల్‌లో చూసుకోండి. కనిపించకపోతే వాళ్లు కట్టలేదని గానీ, పాన్ తప్పు వేశారని గానీ అర్థం. సంవత్సరం ముగిశాక దిద్దించడం కష్టం.

నగదు విషయంలో గట్టి గీత ఒకటుంది. ఒకే పని తాలూకు 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదు. మూడు విడతలుగా మూడు నెలల్లో తీసుకున్నా పని ఒకటే కాబట్టి అది కలిపే లెక్క. తప్పితే తీసుకున్నంత మొత్తం జరిమానా, అదీ తీసుకున్నవాడికే. మీ షెడ్డుకి పూర్తిగా బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఇన్‌కమ్ టాక్స్‌లో చిన్న వ్యాపారులకున్న అంచనా లాభం పద్ధతిలో బ్యాంకు జమలకి 6 శాతం, నగదుకి 8 శాతం లాభంగా లెక్కిస్తారు, కాబట్టి అలా తీసుకోవడం మీకే మేలు.

ఇనుము తీసుకెళ్లే దారి గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 50,000 దాటిన సరుకు రాష్ట్రం దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే కాగితం) కావాలి. పర్లాకిమిడి డీలరు దగ్గర కొని నేరుగా సైటుకి పంపిస్తుంటే, డెలివరీ అడ్రసుగా పాతపట్నం వేసి ఈ-వే బిల్లు తీయమని ఆ డీలరుకే చెప్పండి. మీ షాపులో ఉన్న స్టాకుని మీరే తీసుకెళ్తుంటే రిజిస్టరు కానివాళ్లకి ఈ-వే బిల్లు ఐచ్ఛికమే. అయినా కొన్న బిల్లుల జెరాక్సు, 'షెడ్డు పని నిమిత్తం, అమ్మకానికి కాదు' అని రాసిన చలానా బండిలో ఉండాలి. ట్యూబులు ఎన్ని, రేకులు ఎన్ని, సైజులు రాయండి. కాగితం లేని లోడుని ఆపితే వివరణ ఇచ్చుకునే సరికి ఆ రోజు పని పోతుంది. అన్నిటికన్నా తేలిక, ఇనుము టెక్కలి లేదా పాతపట్నం డీలరు దగ్గర స్కూలు పేరునే కొనిపించడం. అప్పుడు మీ బిల్లు కూలీకి మాత్రమే. అడుగుకి 80 చొప్పున ఒప్పుకుంటే 80,000. మీ 20 లక్షల కోటాలో 3,20,000కి బదులు 80,000 మాత్రమే కలుస్తుంది. ఇనుము మీద మీకు మిగిలే నాలుగు రూపాయలు పోతాయి, నిజమే. కానీ హద్దుకి దగ్గరపడిన సంవత్సరంలో ఇది ఆలోచించదగ్గ దారి.

రేపు మీరే రిజిస్టరు కావాలనుకుంటే, సరిహద్దులో ఉన్నవాళ్లు ముఖ్యంగా రెండు విషయాలు చూసుకోవాలి. కాంపోజిషన్ పద్ధతి (చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతి) మీకు కుదరదు, అందులో రాష్ట్రం దాటి పని చేయకూడదు. రెండోది, కట్టడానికి సంబంధించిన పనిలో పన్ను ఏ రాష్ట్రానిదో కట్టడం ఉన్న చోటే నిర్ణయిస్తుంది, యజమాని అడ్రసు కాదు. విశాఖలో ఉండే మనిషికి పర్లాకిమిడి ఇంట్లో గ్రిల్స్ బిగిస్తే సీజీఎస్టీ 9, ఎస్జీఎస్టీ 9. పర్లాకిమిడి మనిషికి పాతపట్నం ఇంట్లో బిగిస్తే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన పనికి వేసే జీఎస్టీ) 18. తప్పు ఖాతాలో కడితే సరైనది మళ్లీ కట్టి, మొదట కట్టినది తిరిగి అడగాలి. వడ్డీ ఉండదు గానీ ఆ డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది. పార్టీ ఇచ్చిన జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి: ఒడిశా 21, ఆంధ్రా 37, తెలంగాణ 36, మహారాష్ట్ర 27. ఆ తరవాతి పది అక్షరాలు వాళ్ల పాన్. పోర్టల్‌లో కొట్టి చూసి, పేరు కలిస్తేనే బిల్లు రాయండి. మహారాష్ట్రలోని సిరొంచ వైపు నుంచి తెలంగాణలో పని చేసేవాళ్లకీ ఇదే లెక్క, కోడ్లే మారతాయి.

భాష సంగతి. బిల్లు ఫలానా భాషలోనే ఉండాలని జీఎస్టీ చట్టంలో షరతు లేదు. పాతపట్నం ఇళ్లవాళ్లకి తెలుగులో రాసిచ్చినా చెల్లుతుంది. స్కూలు, బ్యాంకు, ఆఫీసు పార్టీలకి మాత్రం పేరు, పాన్, అంకెలు ఇంగ్లీషులో ఉంటే వాళ్ల పని సులువవుతుంది. 50 బిల్లుల బుక్కు, రెండేసి కాపీలు, రెండోది వేరే రంగు కాగితం, మధ్యలో కార్బన్: ఇలా కొట్టించండి. ఒరిజినల్ పార్టీకి, రంగు కాపీ బుక్కులోనే. బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాయండి. జెల్ పెన్నుతో రాస్తే కింది కాపీలో 3 ఏదో 8 ఏదో తెలియదు.